నమ్మకం లేనివాళ్లకు నచ్చే సైన్స్ ఫిక్షన్: ఎక్కడ మొదలుపెట్టాలి, దేన్ని పక్కన పెట్టాలి

నాకు అర్థమైనంతవరకు మీ ప్రశ్న ఇది. మీకు మతవిశ్వాసం లేదు, సైన్స్ ఫిక్షన్ అంటే ఇష్టం. కానీ మూడొంతుల దాకా బుద్ధిగా నడిచిన నవలలో చివరికొచ్చేసరికి ఏ విశ్వచైతన్యమో, విధిరాతో, 'అంతా ముందే రాసిపెట్టి ఉంది' అనే మాటో వచ్చి పడుతోంది, మోసపోయినట్టు అనిపిస్తోంది. అలా చేయని నవలలు చెప్పమన్నారు.

నేనూ నమ్మకం లేనివాణ్ణే. ఏళ్ల తరబడి ఎక్కువగా ఇలాంటి పుస్తకాలే చదువుతున్నాను, కాబట్టి కొంచెం పొడుగ్గానే చెప్తాను. కథలు పాడవకుండా చూస్తాను గానీ, ఒకటి రెండు చోట్ల ముగింపు గురించి మాట్లాడక తప్పదు. అక్కడ ముందే హెచ్చరిస్తాను.

దేవుడి ప్రస్తావన లేని నవలలే కావాలంటే పెద్దగా వెతకక్కర్లేదు. అంతరిక్ష నౌకలు, రోబోలు, యుద్ధాలు ఉన్న పుస్తకాల్లో చాలావాటికి దేవుడి ఊసే పట్టదు. అయినా వాటిలో కొన్ని చదివాక మీకు ఇదే చికాకు కలుగుతుంది. గుడి ఉండదు గానీ జోస్యం ఉంటుంది. పుట్టుకతోనే ఎంపికైన హీరో ఉంటాడు. అతన్ని అనుమానించినవాళ్లంతా చివర్లో తలదించుకుంటారు. మరోవైపు, పేజీపేజీకీ ఫాదర్లు, ప్రార్థనలు ఉన్న నవల కూడా ఒక్కోసారి మనలాంటివాళ్లకు పూర్తిగా తృప్తినిస్తుంది. అందుకే పుస్తకం ఎంచుకునేటప్పుడు నేను ఒకటే చూస్తాను: ఈ కథలో ఎవరైనా లేచి "నీకెలా తెలుసు?" అని అడగొచ్చా? అడిగితే కథ ఆ ప్రశ్నను పట్టించుకుంటుందా, లేక అడిగినవాణ్ణి విలన్ చేసి పారేస్తుందా?

ఈ లెక్కన నా జాబితాలో మొదటిది కార్ల్ సేగన్ 1985లో రాసిన 'కాంటాక్ట్'. 1997లో వచ్చిన సినిమా చూశాం కదా అని దీన్ని వదిలేయకండి, రెండింటికీ చాలా తేడా ఉంది. ఎల్లీ ఆరోవే అనే రేడియో ఖగోళ శాస్త్రవేత్తకు వేగా నుంచి, అంటే మన అభిజిత్ నక్షత్రం వైపు నుంచి, ప్రధాన సంఖ్యల వరుసలో ఒక సంకేతం వస్తుంది. దాని పొరల్లో 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌ను ప్రారంభిస్తున్న హిట్లర్ బొమ్మ దొరుకుతుంది. మనం బయటికి పంపిన తొలినాటి టీవీ ప్రసారం దాదాపు 26 కాంతి సంవత్సరాలు వెళ్లి, అంతే దూరం వెనక్కి వచ్చిందన్నమాట. ఇలాంటి లెక్కలు సేగన్ ఎక్కడా వదలడు. పామర్ జాస్ అనే మతబోధకుడితో ఎల్లీ చేసే వాదనలు ఈ నవలకు ప్రాణం. సేగన్ జాస్‌ను వెక్కిరించడు, అతనికీ మంచి మాటలే ఇస్తాడు. నాస్తికులు రాసిన చాలా నవలల్లో లేని మర్యాద ఇది. ఎదుటివాణ్ణి తెలివితక్కువవాడిగా చూపించి గెలిచే వాదన చదవడం నాకైతే బోరు.

ఇప్పుడు ముగింపు గురించి మాట్లాడాలి, చదవనివాళ్లు ఈ పేరా వదిలేయండి. ఆ సంకేతంలోని సూచనలతో కట్టిన యంత్రంలో ప్రయాణం చేసి వచ్చిన ఎల్లీ చేతిలో ఒక్క రుజువూ ఉండదు. జీవితమంతా రుజువు అడిగిన మనిషి, రుజువు లేకుండా తనను నమ్మమని అడగాల్సి వస్తుంది. సినిమా దాదాపుగా అక్కడే ఆగిపోయి, నమ్మకం కూడా ఒక రకమైన జ్ఞానమే అన్నట్టు వదిలేస్తుంది. నవల ఇంకో అడుగు వేస్తుంది. వృత్తం చుట్టుకొలతను వ్యాసంతో భాగిస్తే వచ్చే 'పై' (π) విలువను, మనం వాడే పదికి బదులు 11 ఆధారంగా ఉన్న సంఖ్యామానంలో చాలా దూరం లెక్కకడితే, అంకెల్లో యాదృచ్ఛికం కాని ఒక ఆకారం కనిపిస్తుంది. దీన్ని చూసి "సేగన్ కూడా చివరికి దేవుణ్ణి తెచ్చాడు" అని కోప్పడేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. విశ్వానికి కర్త ఉంటే అతని సంతకం ఏ ఒక్కరి కలలోనో, ఏ ఒక్క గ్రంథంలోనో ఉంటే సరిపోదు, కంప్యూటర్ ఉన్న ప్రతివాడూ సరిచూసుకోగలిగే చోట ఉండాలి అన్నది సేగన్ వాదన. దేవుడి మీద అంత కఠినమైన షరతు పెట్టిన నవల నాకు ఇంకోటి తెలియదు.

రుజువు అనగానే గుర్తొచ్చేది ఐజాక్ అసిమోవ్ 1941లో రాసిన 'రీజన్' అనే చిన్న కథ. 'ఐ, రోబో' సంపుటిలో ఉంటుంది. అంతరిక్ష కేంద్రం నుంచి గ్రహాలకు సౌరశక్తిని పంపే పని ఒక రోబోకు అప్పగిస్తారు. అది కూర్చుని తర్కించి, ఇంత బలహీనమైన మనుషులు తనను తయారుచేసి ఉండరని తేల్చేస్తుంది. కేంద్రంలోని శక్తి యంత్రమే దానికి దైవం. ఇద్దరు ఇంజినీర్లు దాని కళ్లముందే ఇంకో రోబోను బిగించి చూపిస్తారు. "మీరు భాగాలు జోడించారంతే, తయారుచేయలేదు" అంటుంది. వాదించి వాదించి వాళ్లకు తిక్కరేగుతుంది. తీరా చూస్తే అంతరిక్షంలో ఎలక్ట్రాన్ల తుఫాను వచ్చినప్పుడు ఆ రోబో పనిని మనుషుల కంటే బాగా చేస్తుంది. తప్పుడు నమ్మకంతో సరైన పని! దాంతో వాళ్లు దాన్ని అలాగే వదిలేస్తారు. అసిమోవ్ అమెరికన్ హ్యూమనిస్ట్ అసోసియేషన్‌కు, అంటే దేవుడి ప్రమేయం లేని మానవతావాదుల సంఘానికి, అధ్యక్షుడిగా ఉన్న మనిషి. అయినా ఇందులో గెలుపు హేతువాదానికి అని చెప్పలేం. శుద్ధతర్కం ఎంత దారితప్పగలదో ఇంత సరదాగా చెప్పిన కథ అరుదు.

ఆయనదే 'ఫౌండేషన్' (1951)లో మతం ఒక పాలనా సాధనం. ఫౌండేషన్ అనే శాస్త్రవేత్తల స్థావరం చుట్టూ ఉన్న రాజ్యాలు అణుశాస్త్రం మరిచిపోయాయి. ఫౌండేషన్ అణుయంత్రాలను పూజారుల చేతికిచ్చి పంపుతుంది. మీట ఎలా నొక్కాలో ఆ పూజారులకు తెలుసు, ఎందుకు పనిచేస్తుందో తెలియదు. ఆ భాగం నాకు చాలా ఇష్టం. పాత్రల చిత్రణ మాత్రం పలచన, ఆడవాళ్లు దాదాపు కనబడరు. అది తెలిసే మొదలుపెట్టండి.

నన్ను ఒకే రచయితను ఎంచుకోమంటే టెడ్ చియాంగ్ పేరు చెప్తాను. మీరు నవలలు అడిగారు, ఈయన రాసేవి కథలు, నవలికలు. కానీ మీ ప్రశ్నకు ఇంత సూటిగా జవాబిచ్చినవాళ్లు లేరు. ఈయన పద్ధతి మనం అనుకునేదానికి తలకిందులు: మతం చెప్పింది అక్షరాలా నిజమైతే ఏం జరుగుతుంది? 'హెల్ ఈజ్ ది ఆబ్సెన్స్ ఆఫ్ గాడ్' (2001)లో దేవదూతలు నిజంగానే దిగివస్తారు. వచ్చినప్పుడల్లా భూకంపం వచ్చినట్టు ఉంటుంది. కొందరికి రోగాలు నయమవుతాయి, కొందరు పగిలిన అద్దాలు గుచ్చుకుని చనిపోతారు. అలా భార్యను పోగొట్టుకున్న నీల్ ఫిస్క్ కథ ఇది. అతనికి దేవుడు ఉన్నాడా లేడా అన్న సందేహమే లేదు, ఉన్నాడని అందరికీ తెలుసు. ఉన్నవాణ్ణి ప్రేమించాలా అన్నదే సమస్య. మన వాదనలన్నీ 'ఉన్నాడా' దగ్గరే ఆగిపోతుంటాయి. ఈ కథ ఆ ప్రశ్నను మొదటి పేజీలోనే పక్కకు నెట్టి, ఇంకా కష్టమైనదాన్ని ముందు పెడుతుంది.

'ఆంఫలోస్' (2019) ఇంకా విచిత్రం. ఆ లోకంలో సృష్టి కొన్ని వేల ఏళ్ల కిందట జరిగిందనడానికి శాస్త్రీయ ఆధారాలున్నాయి. అతి పాత చెట్ల మధ్యభాగంలో వలయాలు ఉండవు. తొలి మనుషుల శవాలకు బొడ్డు ఉండదు. కథ చెప్పే పురావస్తు శాస్త్రవేత్త ప్రతి రాత్రీ ప్రార్థిస్తుంది, అక్కడ అది పూర్తిగా హేతుబద్ధం. ఆ లోకంలో పుడితే నేనూ ఆస్తికుణ్ణే అయ్యేవాణ్ణని కథ చదువుతూ ఒప్పుకున్నాను. తర్వాత ఖగోళ శాస్త్రం నుంచి ఒక కొత్త ఆధారం వస్తుంది, దాంతో ఆమె ప్రార్థన మారిపోతుంది. ఎలా అన్నది చెప్పను. 'ఎగ్జలేషన్' అనే సంపుటిలో ఉంది.

ఇటీవలి నవలల్లో ఏడ్రియన్ చైకోవ్‌స్కీ 'చిల్డ్రన్ ఆఫ్ టైమ్' (2015) తప్పకుండా చదవండి. ఒక గ్రహం మీద సాలీళ్లు తెలివి సంపాదించుకుంటాయి. వాటి ఆకాశంలో ఒక ఉపగ్రహం తిరుగుతూ గణిత ప్రశ్నలు ప్రసారం చేస్తుంటుంది. సాలీళ్లు దాన్ని దైవదూతగా కొలుస్తాయి, లెక్కలు సరిగ్గా చేయడమే వాటికి ప్రార్థన. తరాలు గడిచేకొద్దీ ఆ మతం విజ్ఞానానికి మెట్టు అవుతుంది, తర్వాత అడ్డు అవుతుంది, యుద్ధానికీ కారణమవుతుంది. మతం ఎలా పుడుతుంది, దేనికి పనికొస్తుంది, ఎప్పుడు ముదిరి విషమవుతుంది అన్నది ఉపన్యాసం లేకుండా చూపించాడు. పైగా వాటి దైవం నిజంగానే ఆకాశంలో ఉంది, కాకపోతే అవి అనుకున్నది కాదు. సాలీళ్లంటే ఒళ్లు జలదరించేవాళ్లకు కూడా సగం అయ్యేసరికి వాటి మీద ప్రేమ కలుగుతుంది.

ఇక్కడ మీకు నచ్చని సలహా ఒకటి ఇస్తాను: ఆస్తికులు రాసినవి, చర్చి నడుమ నడిచేవి కూడా చదవండి. వాల్టర్ ఎం. మిల్లర్ 'ఎ క్యాంటికల్ ఫర్ లీబోవిట్జ్' అణుయుద్ధం తర్వాతి కథ. జనం చదువుకున్నవాళ్లను చంపి, పుస్తకాలు తగలబెట్టిన కాలంలో కొందరు సన్యాసులు మిగిలిన కాగితాలను కాపాడుతుంటారు. వాటిలో ఒక ఇంజినీరు రాసుకున్న కొనాల్సిన సరుకుల చీటీ ఉంటుంది, దాన్నీ భక్తితో భద్రపరుస్తారు. ఒక సన్యాసి సర్క్యూట్ పటాన్ని, అదేమిటో తెలియకుండానే, బంగారు పూతతో ఏళ్లకొద్దీ నకలు రాస్తాడు. నవ్వొస్తుంది. ఆ నవ్వు వెనకే, వీళ్లు లేకపోతే ఏమీ మిగిలేది కాదన్న బాధా వస్తుంది. మిల్లర్ రెండో ప్రపంచయుద్ధంలో బాంబర్ విమాన సిబ్బందిలో ఉండి, ఇటలీలోని మాంటె కస్సీనో మఠం మీద జరిగిన బాంబుదాడిలో పాల్గొన్నాడు. ఆ బరువు ఈ నవలంతా పరుచుకుని ఉంది. చివరి భాగంలో కారుణ్య మరణం మీద మఠాధిపతికీ ఒక డాక్టరుకూ మధ్య వాదన ఉంది. అందులో రచయిత పక్షం నాది కాదు, అయినా పుస్తకం మూసేయాలనిపించలేదు, ఎందుకంటే ఎదుటి డాక్టరుకూ తన మాట గట్టిగా చెప్పే అవకాశం ఇచ్చాడు.

మేరీ డోరియా రసెల్ 'ద స్పారో' (1996) ఇంతకంటే కష్టంగా ఉంటుంది. వేరే గ్రహం నుంచి పాట లాంటి సంకేతం వినిపిస్తే, ప్రభుత్వాలు మీటింగులు పెట్టుకునేలోపే జెస్యూట్లు, అంటే ఒక క్యాథలిక్ సన్యాసి సంఘంవాళ్లు, నౌక కట్టుకుని బయల్దేరతారు. వెళ్లినవాళ్లలో ఒక్క ఫాదర్ ఎమిలియో సాందోజ్ మాత్రమే ఒళ్లూ మనసూ ఛిద్రమై తిరిగొస్తాడు. ఇంత మంచి ఉద్దేశంతో వెళ్లినవాళ్లకు ఇలా ఎందుకు జరిగింది, దేవుడు పంపించాడనుకుంటే బాధ్యత ఎవరిది? రసెల్ చదువుకున్నది మానవశాస్త్రం, అది ఆ గ్రహం మీది జాతుల చిత్రణలో తెలుస్తుంది. హింస, లైంగిక హింస ఉన్నాయి. మనసు బాగాలేనప్పుడు ముట్టుకోకండి.

రాబర్ట్ జె. సాయర్ 'క్యాల్‌క్యులేటింగ్ గాడ్' (2000) పేరు చాలామంది చెప్తారు. టొరంటో మ్యూజియానికి గ్రహాంతరవాసి వచ్చి "దేవుడున్నాడు, మా దగ్గర ఆధారాలున్నాయి" అంటాడు. ఎదురుగా ఉన్నది క్యాన్సర్‌తో చావుకు దగ్గరైన నాస్తిక శాస్త్రవేత్త. ఆలోచన అద్భుతం. వచనం సాదాసీదా. అందులోని కొన్ని 'ఆధారాలు' బయట ఎప్పుడో తేలిపోయిన వాదనలే. ఖాళీ దొరికితే చూడండి, కొని చదవాల్సినంత కాదు.

'డ్యూన్' (1965) సంగతి అడగక ముందే చెప్తాను. పైకి చూస్తే అది మీకు పడని సరుకే: జోస్యం, అవతారపురుషుడు, ఎడారి, జిహాద్. కానీ ఆ జోస్యాలను ఒక సంస్థ తన అవసరం కోసం తరాల ముందే ఆ జనంలో నాటిపెట్టిందని నవలలోనే స్పష్టంగా ఉంటుంది. ఫ్రాంక్ హెర్బర్ట్ ఉద్దేశం హీరోను పూజించమని కాదు. అనుమానం ఉంటే రెండో భాగం 'డ్యూన్ మెస్సయ్య' కూడా చదివాకే తీర్పు ఇవ్వండి. ఆ తర్వాతి భాగాలు నాకు పెద్దగా ఎక్కలేదు.

పురాణాలు వింటూ పెరిగినవాళ్లకు ఆసక్తి కలిగించేది రోజర్ జెలాజ్నీ 'లార్డ్ ఆఫ్ లైట్' (1967). మానవులు స్థిరపడిన ఒక గ్రహం మీద, తొలి నౌక సిబ్బంది సాంకేతికతనంతా తమ గుప్పిట్లో పెట్టుకుని బ్రహ్మ, యముడు, కాళి, అగ్ని పేర్లతో దేవతలుగా చలామణీ అవుతుంటారు. పునర్జన్మ అంటే కొత్త ఒంట్లోకి మనసును ఎక్కించడం. నీ మెదడును పరీక్షించి, భక్తి చాలకపోతే తక్కువ ఒళ్లు ఇస్తారు. అచ్చుయంత్రం లాంటిది మళ్లీ ఎవరైనా కనిపెడితే అణిచేస్తారు. వాళ్ల మీద తిరగబడేవాడు బుద్ధుడి వేషం కడతాడు, తను చెప్పేదాన్ని తను నమ్మకుండానే. పేర్లు, సంప్రదాయాలు రచయిత తన ఇష్టం వచ్చినట్టు కలిపేశాడు కాబట్టి అక్కడక్కడా పంటికింద రాయి తగులుతుంది. కథాకాలం ముందువెనకలుగా ఉంటుంది, రెండో అధ్యాయం నుంచి గతం మొదలవుతుందని గుర్తుంచుకుంటే తికమక ఉండదు.

దేవుడు లేకపోతే చావు సంగతేమిటి, మంచిచెడుల సంగతేమిటి అన్న ప్రశ్నలు మీకు ముఖ్యమైతే ఇయన్ ఎం. బ్యాంక్స్ 'కల్చర్' నవలలకు రండి. కొరత, జబ్బు లేని, మతం అక్కర్లేని సమాజం అది. వరుసగా చదవక్కర్లేదు. 'ద ప్లేయర్ ఆఫ్ గేమ్స్' (1988)తో మొదలుపెట్టి, తర్వాత 'సర్ఫేస్ డీటెయిల్' (2010)కి వెళ్లండి. అందులో కొన్ని నాగరికతలు చనిపోయినవాళ్ల మనసులను కంప్యూటర్లలోకి ఎక్కించి, కృత్రిమ నరకాలు నడుపుతుంటాయి. నరక భయం లేకపోతే జనం మాట వినరట! వాటిని మూసేయాలా వద్దా అని యుద్ధం జరుగుతుంది. లేని నరకాన్ని మనుషులే కట్టడం అనే ఆలోచన నన్ను చాలాకాలం వదల్లేదు. నరక వర్ణనలు మాత్రం భరించడం కష్టం.

అర్సులా లెగ్విన్ రాసినవి రెండు చదవాలి, ఒకదాని పక్కన ఒకటి. 'ద డిస్‌పొసెస్డ్' (1974)లో ప్రభుత్వం, ఆస్తి లేని సమాజం, పరస్పర సహాయం మీదే నిలబడి ఉంటుంది. నీతికి కాపలాదారు అక్కర్లేదా అన్నదాన్ని ఆమె పొగడకుండా పరీక్షిస్తుంది. పక్కవాళ్ల అభిప్రాయమే అక్కడ పోలీసై కూర్చుంటుంది. 'ద టెల్లింగ్' (2000)లో నాయిక భూమి మీద మతపాలన నుంచి బయటపడి, విజ్ఞానం పేరుతో పాత సంస్కృతినంతా నిషేధించి పుస్తకాలు కాల్చిన గ్రహానికి వెళ్తుంది. మతం లేనివాళ్లం కూడా ఎలా మూఢులం కాగలమో చూపించే నవల. కొంచెం నెమ్మదిగా నడుస్తుంది, అయినా మన జాబితాలో ఇలాంటిది ఒకటి ఉండి తీరాలి.

నవ్వుకోవాలంటే డగ్లస్ ఆడమ్స్ 'ద హిచ్‌హైకర్స్ గైడ్ టు ద గెలాక్సీ' (1979), కర్ట్ వానెగట్ 'క్యాట్స్ క్రేడిల్' (1963). ఆడమ్స్ నవ్వు తేలిక. వానెగట్‌ది గొంతులో ఇరుక్కునే నవ్వు. ఇదంతా అబద్ధమే అని మొదటే ఒప్పుకునే ఒక మతాన్ని సృష్టించి, అది ఒక పేద ద్వీపంలోని జనానికి ఎందుకు కావాల్సి వచ్చిందో చెప్తాడు.

ఆర్థర్ సి. క్లార్క్‌ను మరిచిపోలేదు. ఆయన నవలల్లో 'రాందేవూ విత్ రామా' (1973) దగ్గర ఆగండి: దాదాపు 50 కిలోమీటర్ల పొడవున్న, సిలిండర్ ఆకారంలోని ఖాళీ గ్రహాంతర నౌక సౌరకుటుంబంలోకి వస్తుంది, మనుషులు లోపలికెళ్లి చూస్తారు, అది మనల్ని పట్టించుకోకుండా వెళ్లిపోతుంది. విశ్వం మనకోసం తయారైంది కాదన్న భావన అంత నిర్మలంగా ఇంకెక్కడా దొరకదు. మీరు తప్పించుకోవాలనుకుంటున్న తరహా ముగింపు 'చైల్డ్‌హుడ్స్ ఎండ్' (1953)లో ఉంది. గొప్ప నవలే, కానీ మీరు చెప్పిన ఫిర్యాదును బట్టి ఇప్పుడే వద్దు. 'ద స్టార్' (1955) మాత్రం పది నిమిషాల కథ, ఒక జెస్యూట్ ఖగోళ శాస్త్రవేత్త నమ్మకానికి ఏం జరిగిందో చివరి వాక్యంలో తెలుస్తుంది. దాని గురించి ఎక్కడా చదవకుండా నేరుగా కథే చదవండి.

ఏ క్రమంలో అంటే: ముందు 'ద స్టార్', 'రీజన్', చియాంగ్ కథలు రెండూ. ఈ నాలుగూ ఒక వారాంతంలో అయిపోతాయి. ఏది నచ్చిందో దాన్నిబట్టి ముందుకెళ్లండి. 'రీజన్' నచ్చితే 'చిల్డ్రన్ ఆఫ్ టైమ్', చియాంగ్ నచ్చితే 'ద స్పారో', క్లార్క్ నచ్చితే 'కాంటాక్ట్'. ఇవన్నీ చదివేసి ఇంకా గట్టిది కావాలంటే పీటర్ వాట్స్ 'బ్లైండ్‌సైట్' (2006) ఉంది. దేవుణ్ణి దాటి, 'నేను' అనే స్పృహ కూడా తెలివికి అవసరమా అని అడుగుతుంది. భాష కఠినం, జీవశాస్త్రం దట్టంగా ఉంటుంది, టెన్షన్ పడకుండా అర్థం కాని పేరాలు దాటుకుంటూ వెళ్లొచ్చు. రచయిత తన వెబ్‌సైట్‌లో మొత్తం నవలను ఉచితంగా పెట్టాడు కాబట్టి, కొనకుండానే మొదటి అధ్యాయం చదివి మీకు పడుతుందో లేదో చూసుకోండి.